తోటల పేర్లు, ఊరి పద్దులు

హైదరాబాదు నగరమున తోటల పేర్లు మోయుచున్న పేటలను లెక్కింపబూనినచో చేతివ్రేళ్ళు చాలవు. బషీర్‌బాగ్, జాంబాగ్, రాంబాగ్, కిషన్‌బాగ్, మూసారాంబాగ్, సీతారాంబాగ్, బాగ్ లింగంపల్లి, బాగ్ అంబర్‌పేట - ఈ వరుస ఇంకను పొడుగు. 'బాగ్' అనగా తోట. పదునేడవ శతాబ్దమున గోలకొండ రాజ్యమునకు వచ్చిన ఫ్రెంచి యాత్రికుడు టావెర్నియే ఈ నగరమును 'బాగ్‌నగర్' అని పేర్కొని, ఆ పేరును తోటలతోనే ముడిపెట్టినాడు. నేడు ఆ పేటలలో పెక్కు మేడలతోను, అంగళ్ళతోను నిండిపోయినవి. ఇంటి పేరు కస్తూరివారు, ఇంట గబ్బిలాల కంపు అని సామెత. తోట పేరు గల పేటలో నీడకు నిలువ చెట్టు లేకపోవుట ఇట్టిదే.

తోటలు ఎందుకు పోయినవి? కొన్ని ఎందుకు నిలిచినవి? ఈ ప్రశ్నకు సమాధానము పూలమొక్కలలోను, మాలీ నేర్పులోను దొరకదు; ఊరి పద్దు పుస్తకములలో దొరకును. ఈ ప్రసంగమున మేము ఆ పద్దుల చరిత్రను శ్రోతల ముందుంచ దలచినాము. ఇందుకు నగరమునకు దక్షిణమున, విమానములు వ్రాలు చోటనున్న శంషాబాదును ఉదాహరణముగా గ్రహించినాము. ఏలయన, ఒక పల్లె నగరముగా మారు వేళ ఉద్యానములకు చోటు మిగులునా లేదా అను పరీక్ష అచ్చట మన కన్నుల యెదుటనే జరుగుచున్నది.

ముందుగా రెండు మాటల నడుమ భేదమును తెలిసికొందము. పురపాలక సంఘపు ఆయవ్యయ పట్టికలో ఖర్చు రెండు విధములు. వీధులూడ్చువారి జీతములు, దీపముల విద్యుత్తు, మొక్కలకు నీరు - ఇవి ఏటేట వచ్చి పోవు ఖర్చులు. దీనిని రెవెన్యూ వ్యయమందురు. భూమి కొనుట, ప్రహరీ కట్టుట, బోరు వేయుట, ఆటస్థలము చదును చేయుట - ఇవి ఒకసారి చేసినచో పెక్కేండ్లు ఫలమిచ్చునవి. దీనిని మూలధన వ్యయమందురు. సంసారి అయిన ప్రతివానికి ఈ భేదము అనుభవమే. నెలనెలా కొను బియ్యము ఒక లెక్క. తరతరములు ఉండు ఇల్లు మరియొక లెక్క. పార్కు విషయమున మాత్రము ఊళ్ళు ఈ రెంటిని తరచుగా కలగాపులగము చేసినవి. మొక్కలు నాటుటకు సొమ్ము దొరకును. మొక్క నాటుటకు నేల కొనుటకు దొరకదు. నేల ఉన్నచోట పార్కు కట్టుదురు. కట్టిన పార్కును కాచుటకు మరుసటి ఏట పద్దు ఉండదు.

నవాబుల కాలమున ఈ చిక్కు లేదు. తోట వేయించిన వారికి జాగీరు కలదు; జాగీరు రాబడి నుండి తోటమాలికి జీతము, మోటకు ఎద్దులు, గోడకు సున్నము లభించెడివి. శంషాబాదు అను పేరే నిజాము రాజ్యమున మిక్కిలి సంపన్నులైన పైగా వంశీయుల 'షంసుల్ ఉమరా' అను బిరుదుతో ముడిపడినదని ప్రతీతి. అట్టి తోటలకు రాబడి తరుగని ఊట కలదు. కాని ఆ తోట యజమానిది, ఊరిది కాదు. రాబడి పోయిన నాడు, వారసులు పంచుకొనిన నాడు, తోట ముక్కలైనది. పేర్లు మాత్రము మిగిలిన పేటలలో పెక్కింటి కథ ఇదియే.

పందొమ్మిదవ శతాబ్దమున 'బాగె ఆమ్' ఏర్పడినది. 'ఆమ్' అనగా సర్వజనులకు చెందినది. నేటి పబ్లిక్ గార్డెన్స్ అదియే. ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాను నలుబదవ జన్మదినోత్సవ స్మారకముగా ప్రజల చందాలతో ఆరంభమైన టౌన్‌హాలు 1913లో పూర్తియై అచ్చటనే నిలిచినది. తరువాత అది శాసనసభా భవనమైనది. తోట ప్రజలదను భావము ఈ పేరులో తొలిసారి పలికినది. అయినను అది ప్రభువు దయవలన తెరువబడిన తోట. ఊరు తన పద్దునుండి తానే తోటలు వేసికొనవలెనను ఊహ రావలసియుండెను. ఆ ఊహను తెచ్చినది ఒక మహాప్రళయము.

1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీనది పొంగి నగరమును ముంచినది. వేలాది ప్రజలు మరణించినారు. ఉస్మానియా వైద్యశాల ఆవరణమునందలి చింతచెట్టు 150 మందికి పైగా ప్రాణములు నిలిపినదని నగరవాసులు నేటికిని చెప్పుకొందురు. ఈ కథలో శంషాబాదునకు ఒక చోటు కలదు. అచ్చటి వర్షమాపక కేంద్రమున 24 గంటలలో 12.8 అంగుళములు, 48 గంటలలో 18.9 అంగుళములు వాన నమోదైనది. పరీవాహక ప్రాంతమునందలి 788 చెరువులలో 221 తెగినవి. నగరమును ముంచిన నీరు, నగరమునకు ఎగువనున్న పల్లెలపై కురిసిన వానయే.

1909లో నిజాము ప్రభుత్వము మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని రప్పించినది. మూసీ, ఈసీ నదులపై రెండు జలాశయములు కట్టవలెనని ఆయన సూచించినారు. ఉస్మాన్‌సాగరు 1920 నాటికి, శంషాబాదునకు చేరువనున్న హిమాయత్‌సాగరు 1927 నాటికి పూర్తియైనవి. ఆయన సూచనలలో జలాశయములతోపాటు, అంతగా ప్రచారము పొందని మరియొకటి కలదు. నగరములో నది యొడ్డులను ఎత్తుచేసి, విహారమార్గములతో ఉద్యానములుగా తీర్చవలెననినారు. అనగా ఉద్యానము ఆయన దృష్టిలో అలంకారము కాదు. వరదకు విడిచిపెట్టవలసిన నేలను ఊరు అక్కరకు తెచ్చుకొను ఉపాయము. ఇల్లు కట్టరాని చోట తోట వేసినచో, ఇల్లు కట్టు ఆశ అచ్చట మొలకెత్తదు.

ఈ పనులకై 1912లో నగరాభివృద్ధి మండలి ఏర్పడినది. ఉర్దూలో దీనిని 'ఆరాయిషె బల్దా' అనిరి. ఇరుకు పేటలను తొలగించి వీధులు వెడల్పు చేయుట, చవుక యిండ్లు కట్టుట, నదీతీరమును తీర్చుట దీని విధులు. పత్తర్‌గట్టీ రాతి అంగళ్ళు దీని చేతి చలువయే. మేము శ్రోతల దృష్టికి తేదలచినది దీని కట్టడములను కాదు, దీని ఏర్పాటును. వీధులూడ్చు పని, దీపములు వెలిగించు పని పురపాలక శాఖకు ఉండగా, శాశ్వత నిర్మాణములకు వేరొక మండలి, వేరొక నిధి ఏర్పడినవి. ఏటేట వచ్చు అక్కరలు శాశ్వత నిర్మాణపు సొమ్మును మ్రింగివేయకుండ ఒక గోడ కట్టినట్లయినది. మూలధన ప్రణాళిక అను మాట అప్పుడు వాడుకలో లేకపోయినను, పని అదియే.

అందు ఒక లోపమును దాచరాదు. తొలగింపబడిన ఇరుకు పేటలలో నివసించినవారు పేదలు. నగరము తీరైనప్పుడు ఆ తీరునకు వెల చెల్లించినవారిలో వారు మొదటివారు. తోటకు నేల వెదకునప్పుడు ఎవరి నేల అను ప్రశ్న అప్పుడును కలదు, ఇప్పుడును కలదు.

పాశ్చాత్య దేశములలోను ఈ రెండు ప్రశ్నలే - సొమ్మెక్కడిది, నేలెవరిది - ఎదురైనవి. ఇంగ్లండునందలి బర్కెన్‌హెడ్ అను చిన్న పట్టణము 1843లో పార్లమెంటు చట్టము ద్వారా ఉద్యానమునకు ప్రజాధనమును వెచ్చించు అధికారము సంపాదించినది. సుమారు 226 ఎకరముల చిత్తడి నేలను కొని, అందు 125 ఎకరములను ఉద్యానముగా ఉంచి, అంచులనున్న నేలను ఇండ్ల స్థలములుగా అమ్మినది. తోట ఎదుటి ఇంటికి వెల హెచ్చునుగదా. ఆ హెచ్చిన వెలయే తోట ఖర్చునకు ఆధారమైనది. జోసెఫ్ పాక్స్‌టన్ రూపకల్పన చేసిన ఆ ఉద్యానము 1847లో తెరువబడినది.

న్యూయార్కు నగరము 1853లో సెంట్రల్ పార్కునకు నేల సేకరింప బూనినది. అప్పటికి నగరపు జనసమ్మర్దమంతయు ఆ స్థలమునకు దక్షిణముననే ఉండెను. ఊరు ఇంకను రాకమునుపే ఊరి నడుమ తోటకు నేల గుర్తించుట వారి దూరదృష్టి. భూమి వెలలో సుమారు మూడవ వంతును చుట్టుప్రక్కల ఆస్తిదారుల నుండి ప్రత్యేక సుంకముగా రాబట్టిరి. కాని ఆ నేల శూన్యము కాదు. సుమారు 1,600 మంది అచ్చట నివసించుచుండిరి. వారిలో నీగ్రోలని నాటివారు పిలిచిన ఆఫ్రికా సంతతివారు తమ సొంత భూములలో కట్టుకొన్న సెనెకా గ్రామము ఒకటి. ఆ గ్రామము తుడిచిపెట్టుకొని పోయినది. నేడు 843 ఎకరముల ఆ ఉద్యానము లోకప్రసిద్ధము. ఆ గ్రామము పేరు మాత్రము ఇటీవలి దశాబ్దములలోనే మరల వెలుగులోనికి వచ్చినది.

మరల మన నగరమునకు వత్తము. 1956 తరువాత హైదరాబాదునకు లభించిన పెద్ద ఉద్యానములను పరికింపుడు. మీరాలం చెరువు చెంత సుమారు 380 ఎకరములలో నెహ్రూ జంతు ప్రదర్శనశాల 1963 అక్టోబరు 6న తెరువబడినది. బెంగుళూరు పోవు పాత రహదారిపై శంషాబాదునకు వెళ్ళువారు దాని మీదుగానే పోయెడివారు. 76 ఎకరముల ఇందిరా పార్కు 1978లో తెరువబడినది. జూబిలీ హిల్స్‌నందలి కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయోద్యానము 1998లో ప్రకటింపబడినది. అది సుమారు 390 ఎకరములు. ఈ మూడును నగరమునకు ఊపిరితిత్తుల వంటివి. అయితే ఇట్టి విశాల స్థలములు ప్లాటు ప్లాటుగా కొని కూర్చినవి కావు. చెరువు గట్టో, పాత ప్రభువుల ఆవరణయో, ఖాళీగా నిలిచియున్న విశాల భూమియో ప్రభుత్వము చేతికి దక్కుటచే సాధ్యమైనవి. గత కాలము మనకు నిధిగా విడిచిన నేలపై వర్తమానము తోట వేసికొనినది. నిధి ఎంత పెద్దదైనను తవ్వుకొన్నకొలది తరుగును.

శంషాబాదునకు అట్టి నిధి లేదా? కొంత కలదు. పడమట హిమాయత్‌సాగరు జలరాశి, చేరువనే అమ్మపల్లి సీతారామచంద్రస్వామి ఆలయపు పెద్ద కోనేరు, ఊరూర చిన్న పెద్ద చెరువులు. 1996 మార్చి 8వ తేదీ నాటి 111వ నంబరు ప్రభుత్వోత్తరువు రెండు జలాశయముల చుట్టును 10 కిలోమీటర్ల మేర, 84 గ్రామములలో, నిర్మాణములపై ఆంక్షలు విధించినది. శంషాబాదు మండలమునందలి కొన్ని గ్రామములు ఇందు చేరినవి. జలాశయముల రక్షణకై విధించిన ఈ కట్టుబాటు, తలపెట్టకయే, ఆ ప్రాంతమును పచ్చగా నిలిపినది. అయితే ఆ పచ్చదనమునకు ఊరు చెల్లించినది ఏమియు లేదు. చెల్లించినది పొలము అమ్ముకొనలేని రైతు. 2022 ఏప్రిలులో 69వ నంబరు ఉత్తరువు ఆ ఆంక్షలను సడలించినది. ఉచితముగా వచ్చిన పచ్చదనమును ఎవరును శాశ్వతమని నమ్మరాదు.

ఇంతలో విమానాశ్రయము వచ్చినది. 2004 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వముతో ఒప్పందము, 2005 మార్చిలో శంకుస్థాపన, 2008 మార్చి 23న విమానముల రాకపోకల ఆరంభము - ఇది దాని క్రమము. సుమారు 5,500 ఎకరముల నేల దానికి కేటాయింపబడినది. రాష్ట్ర ప్రభుత్వము 107 కోట్ల రూపాయల అభివృద్ధి గ్రాంటును, 315 కోట్ల వడ్డీ లేని ఋణమును సమకూర్చినది. దీనిని మేము తప్పుపట్టుటకు చెప్పుట లేదు. ఒక పెద్ద నిర్మాణమును తలపెట్టినచో ఎట్లు చేయవలెనో ఇది చక్కని పాఠము. మొదట నేల, పిదప సొమ్ము వచ్చు దారులు, పిదప గడువు, పిదప నిర్వహణకు బాధ్యుడు - నాలుగును కాగితముపై ముందుగనే కుదిరినవి. చుట్టుప్రక్కల ప్రాంతమునకు కూడ హైదరాబాదు విమానాశ్రయాభివృద్ధి సంస్థ అని ఒకటి ఏర్పడినది. 2008లో అది హైదరాబాదు మహానగరాభివృద్ధి సంస్థలో లీనమైనది. విమానమునకు జరిగిన ఏర్పాటు, ఆ విమానాశ్రయమున పనిచేయువాని బిడ్డ ఆడుకొను స్థలమునకు జరిగినదా అనునదే మా ప్రశ్న.

ఊరి పాలన మాత్రము నేల వెలల వేగముతో సమముగా నడువలేకపోయినది. పంచాయతిగా ఉన్న శంషాబాదు 2018లో పురపాలక సంఘమైనది. 2020 జనవరిలో తొలి ఎన్నికలు జరిగినవి. 2025 డిసెంబరులో చుట్టునున్న ఇతర పురములతో పాటు ఇది బృహత్ హైదరాబాదు మహానగర పాలక సంస్థలో కలుపబడినది. సొంత ఖజానా గల పురముగా దాని ఆయువు ఏడెనిమిదేండ్లు మాత్రమే. ఒక ఉద్యానమునకు నేల వెదకి, కొని, కట్టి, నీడ నిచ్చు చెట్లు పెంచుటకు అంతకంటె ఎక్కువ కాలము పట్టును. కావున ప్రణాళిక పాలకవర్గముల ఆయువుకంటె పొడుగైనదిగా ఉండవలెను. పాలనా సంస్థ మారినను పద్దు మారక సాగవలెను.

అయితే ఈ కాలమంతయు నేల ఏమైనది? వెంచర్లయినది. పొలము ప్లాట్లుగా మారునప్పుడు పదవ వంతు ఖాళీగా విడువవలెనను కట్టుబాటు మన పట్టణ నిర్మాణ నియమములలో చిరకాలముగా వినవచ్చుచున్నది. దీని విలువను గజములలో చూతము. 10 ఎకరముల లేఅవుటు అనగా 48,400 గజములు. అందు పదవ వంతు 4,840 గజములు, అనగా ఒక ఎకరము. 200 గజముల ప్లాట్ల లెక్కన అది 24 ప్లాట్లు. అనుమతి లేని వెంచరు వేసినవాడు విడువక అమ్ముకొనినది ఈ 24 ప్లాట్లను. ఊరు పోగొట్టుకొనినది ఒక ఎకరపు ఆటస్థలమును. ఒక్కొక్క వెంచరునకు ఒక్కొక్క ఎకరమైనచో, ఒక మండలమున పోయినదెంతో శ్రోతలే ఊహింపగలరు.

ప్రభుత్వము అట్టి లేఅవుటులను క్రమబద్ధము చేయుటకు 2015లోను, 2020లోను పథకములు ప్రకటించినది. పదవ వంతు ఖాళీ స్థలము విడువని చోట, ప్లాటు విలువలో 14 శాతము ఖాళీ స్థలపు రుసుముగా చెల్లింపవలెనని నియమము. ప్లాటు విలువ 20 లక్షలనుకొనినచో 2,80,000 రూపాయలు. ఈ సొమ్ము సామాన్యమైన పన్ను కాదు. ఊరు కోల్పోయిన నేలకు బదులుగా వచ్చిన సొమ్ము. పొలము అమ్మిన సొమ్ముతో పండుగ చేసికొను గృహస్థును పెద్దలు మందలింతురు. అట్లే, నేలకు బదులు వచ్చిన సొమ్ము దారి దీపములకు, జీతములకు ఖర్చయినచో ఊరు తన పొలమును తినివేసినట్లే. ఆ సొమ్ము వేరొక ఖాతాలో నిలిచి, అదే పేటలోనో, నడచి పోదగు దూరముననో మరల నేలగా మారవలెను. ఇది మేము ఈ చరిత్ర నుండి గ్రహించిన మొదటి సూత్రము.

2019 నాటి తెలంగాణ పురపాలక చట్టము ఆయవ్యయ పట్టికలో 10 శాతము పచ్చదనమునకు కేటాయింపవలెనని శాసించినది. ఇది మేలైన నియమము. దేశమున ఇట్టి నిర్బంధము అరుదు. అయినను పచ్చదనమనగానే నర్సరీ, మొక్క, రహదారి విభాజకముపై పూలు అను తలంపు వచ్చుచున్నది. కేంద్ర ప్రభుత్వము 2015లో ప్రారంభించిన అమృత్ పథకమున పార్కులకు 2.5 శాతము వరకు అవకాశము కలిగినను, ఆ పథకము ముఖ్యముగా లక్ష జనాభా దాటిన పట్టణములకు ఉద్దేశింపబడినది. పల్లెకును నగరమునకును నడుమనున్న శంషాబాదు వంటి ఊళ్ళు ఇట్టి పథకముల అంచున మిగిలినవి.

ఎంత నేల కావలెను? కేంద్ర ప్రభుత్వము 2014లో వెలువరించిన పట్టణ ప్రణాళికా సూచనల ప్రకారము మనిషి యొక్కనికి 10 నుండి 12 చదరపు మీటర్ల బహిరంగ స్థలము అభిలషణీయము. తక్కువ లెక్కనే చూచినను, పదివేల మంది నివసించు పేటకు లక్ష చదరపు మీటర్లు, అనగా దాదాపు 25 ఎకరములు. ఎకరము వెల కోట్లకు చేరిన చోట దీనిని ఒక్క ఏట కొనుట ఎవరి తరమును కాదు. ఐదేండ్లకో, పదేండ్లకో పరచిన మూలధన ప్రణాళిక అవసరమగుట ఇందుకే.

అట్టి ప్రణాళికకు వరుస కలదు. మొదట ఊరిలో ఇప్పటికే ఊరిదైన నేల ఎంతయో సర్వే నంబర్లతో పట్టిక వ్రాయవలెను: లేఅవుటులలో విడిచిన స్థలములు, చెరువు గట్లు, బంచరాయి, పాఠశాలల ఆటస్థలములు. రెండవది, వానిని దానపత్రముతో పురపాలక సంస్థ పేర వ్రాయించుకొని కంచె వేయవలెను. కంచె అగ్గువ, కోర్టు వ్యాజ్యము పిరము. మూడవది, ఏ పేటవారు పార్కునకు అందరికంటె దూరముగా ఉన్నారో వారికి మొదటి వంతు ఈయవలెను. అడుగువారి పలుకుబడిని బట్టి కాదు. నాలుగవది, లేని చోట కొనవలెను. ఐదవది, కట్టడము. ఇందు దారి, నీరు, దీపము, మరుగుదొడ్డి ముందు. ఫౌంటెను, విగ్రహము వెనుక. స్త్రీలు సాయంకాలము నిర్భయముగా రాగల పార్కే పార్కు. దీపము లేని ఉద్యానము సగము ఊరికి మూసిన ఉద్యానము.

శంషాబాదునకు మరియొక ప్రత్యేకత కలదు. విమానాశ్రయమునకు పక్షులు ప్రమాదకరములు. 1937 నాటి విమాన నియమములలో 91వది ఆశ్రయమునకు 10 కిలోమీటర్లలోపల చెత్త పారబోయుటను, పశువధను నిషేధించినది. గ్రద్దలు మూగుట దాని కారణము. ఉద్యానమునకు చెట్లు ఎన్నుకొనువారు దీనిని మరువరాదు. రావి, మర్రి, మేడి పండ్లు గుంపులుగా పక్షులను పిలుచును. రన్‌వే దరినున్న పార్కులో వానికి బదులు పండ్లు తక్కువగా కాయు నీడ చెట్లు మేలు. తిండి పొట్లములు విసరిన పార్కు ఇతర చోట్ల అసహ్యము మాత్రమే, ఇచ్చట అపాయము. కావున చెత్తబుట్ట, దానిని దినదినము ఎత్తు మనిషి - ఈ రెంటి ఖర్చు మొదటి అంచనాలోనే ఉండవలెను.

ఇచ్చటనే రెండవ సూత్రము వచ్చుచున్నది. ఒక ఉదాహరణము చెప్పుకొందము. అర ఎకరపు పార్కు నిర్మాణమునకు 50 లక్షలు పట్టినదనుకొందము. మాలీ, కావలివాడు, విద్యుత్తు, మరమ్మతు కలసి ఏటికి 6 లక్షలు అగుననుకొందము. పదేండ్లలో నిర్వహణ 60 లక్షలై నిర్మాణ వ్యయమును మించినది. ప్రారంభోత్సవపు శిలాఫలకము 50 లక్షలకే వేయుదురు; 60 లక్షలకు ఫలకము లేదు. అందుచేతనే ఉయ్యాల గొలుసు తెగినచో తెగినట్లే ఉండును, బోరు మోటారు కాలినచో గడ్డి ఎండును, గడ్డి ఎండిన స్థలమున మొదట బండ్లు నిలుచును, పిదప గుడిసె, పిదప గోడ లేచును. పార్కు ఆక్రమణ దొంగ తలపుతో కాక మాలీ జీతము ఆగిన నాటితో ఆరంభమగును. కావున నిర్వహణ పద్దు చూపని నిర్మాణపు అంచనాను సభ ఆమోదింపరాదు.

చట్టము ఊరి పక్షముననే ఉన్నది. బెంగుళూరున పార్కునకు నిర్దేశించిన స్థలమును ప్రైవేటు వైద్యశాలకు ఇచ్చిన వ్యవహారమున సుప్రీముకోర్టు 1991లో, అట్లు ఇచ్చుట చెల్లదని తీర్పు చెప్పినది. ఆ పోరాటమును నడిపినవారు ఆ పేట నివాసులే. 2024 జులైలో తెలంగాణ ప్రభుత్వము 'హైడ్రా' అను సంస్థను ఏర్పరచి, బాహ్య వలయ రహదారి లోపలి చెరువులను, పార్కు స్థలములను, ప్రభుత్వ భూములను కాచు పని అప్పగించినది. పోయిన నేలను తిరిగి రాబట్టుట అవసరమే. కాని తిరిగి రాబట్టిన నేల ఆ ఏటి పద్దులో చోటు చేసికొని తోటగా మారకున్నచో, మరల పోవుటకు సిద్ధముగా నిలిచియుండును. కట్టుకొన్నవాడు పేదయైనచో, వానికి ప్రత్యామ్నాయము చూపుటయు ఆ పద్దులో భాగమే. న్యూయార్కు నేర్పినది ఇది, మన నగరాభివృద్ధి మండలి చరిత్ర నేర్పినదియు ఇదే.

ఇంతకు శ్రోతలు చేయగలిగినది ఏమి? ప్రతి ఏట ఆర్థిక సంవత్సరము ముగియకమునుపు పురపాలక ఆయవ్యయ పట్టిక సభ ముందుకు వచ్చును. తమ వార్డు ప్రతినిధిని, లేదా అధికారిని, మూడు ప్రశ్నలు అడుగవచ్చును. మా పేటలో ఖాళీ స్థలపు రుసుముగా వచ్చిన సొమ్మెంత, అది ఏ ఖాతాలో ఉన్నది? రాబోవు ఐదేండ్లలో మా పేటకు కొనదలచిన నేల ఏ సర్వే నంబరులోనిది? కట్టబోవు పార్కునకు మాలీ ఎవరు, వాని జీతము ఏ పద్దునుండి? ఈ మూడు ప్రశ్నలకు అంకెలతో సమాధానము దొరికినచో ఆ ఊరిలో తోట పెరుగును. మొక్కల సంఖ్య మాత్రము చెప్పినచో, ఆ సమాధానమును మర్యాదగా విని, మరల అడుగవలెను.

1912లో నగరమునకు దక్షిణమున పొలములు విస్తారముగా ఉండెను. ఆ నాడు ఆ పొలములలో కొన్నింటిని ఊరి తోటలుగా గుర్తించుటకు అయ్యెడి ఖర్చు అత్యల్పము. నేడు అది పెద్దది. పదేండ్లకు అది అసాధ్యము కావచ్చును. శంషాబాదునందు ఇంకను ప్లాటు కాని నేల కలదు, ఇంకను పూడ్చని చెరువు కలదు. మిగిలిన కాలము కొద్దిది. ఇచ్చట తోట నిలిచినచో అది ఎవరి బిరుదు వలననో, ఎవరి జాగీరు వలననో కాక, ఊరు తన పద్దులో తానే వ్రాసికొనిన ఒక వరుస వలన నిలుచును. ఆ వరుస వ్రాయవలసినది ఈ ఏటి పట్టికలోనే.